మా వాడిని డబుల్స్‌కి మార్చమంటున్నారు, అందులో బతుకుతెరువు ఉంటుందా?

కాకినాడ నాన్న:

నమస్తే అండి. మా అబ్బాయికి మొన్న శ్రావణంలో పద్నాలుగు నిండాయి. ఎనిమిదో ఏట నుంచి షటిల్ ఆడుతున్నాడు. జిల్లాలో అండర్-15 సింగిల్స్ రెండుసార్లు గెలిచాడు గానీ రాష్ట్ర స్థాయికి వెళ్తే క్వార్టర్స్ దాటడం లేదు. ఈ ఏడాది ఒక్కసారిగా పొడుగు సాగాడు, చేతిలో బలం ఉంది, స్మాష్ కొడితే పక్క కోర్టువాళ్ళు ఆట ఆపి చూస్తారు. మూడో గేమ్ వచ్చేసరికి మాత్రం కాళ్ళు కదలవు. పోయిన వారం కోచ్ గారు నన్ను పక్కకి పిలిచి, "వీడిని డబుల్స్‌లో పెడదాం సార్, వీడి ఆట దానికే సరిపోతుంది" అన్నారు.

అప్పటికి సరే అన్నాను గానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. పదో తరగతిలో లెక్కలు రానివాడిని ఆర్ట్స్ గ్రూపులో వేయమన్నట్టు వినిపించింది నాకు (ఆర్ట్స్ వాళ్ళు తిట్టుకోకండి, నేనూ బీఏనే). మా ఆవిడ ఇంకో మాట అంది, "సైనా అంటారు, సింధు అంటారు, డబుల్స్ ఆడేవాళ్ళ పేర్లు ఎవరికైనా తెలుసా?" అని. సాత్విక్ ఉన్నాడుగా, మన అమలాపురం కుర్రాడే అన్నాను. "ఒక్కడేగా" అంది. నా దగ్గర జవాబు లేదు.

డబుల్స్ ఆడేవాడి జీవితం ఎలా ఉంటుంది, ఎన్నేళ్ళు ఆడొచ్చు, డబ్బులొస్తాయా, పార్ట్‌నర్ ఎక్కడ దొరుకుతాడు? ఇప్పటికే ఫెదర్ కాక్‌లకీ, రాకెట్‌కి తీగలు వేయించే గట్టింగ్‌కీ నెలనెలా పోసేది చూస్తే భయమేస్తోంది. దయచేసి "పిల్లాడి ఇష్టానికి వదిలేయండి" అని మాత్రం రాయకండి. వాడిని అడిగాను, "నీ ఇష్టం నాన్నా" అన్నాడు.

వెనక కోర్టు, బెజవాడ:

కాకినాడ నాన్న గారూ, నేను పన్నెండేళ్ళు డబుల్స్ ఆడాను. రాష్ట్రానికి ఆడాను, సీనియర్ నేషనల్స్‌లో రెండు మూడు రౌండ్లు గెలిచాను, అంతకుమించి లేదు. ఇప్పుడు స్పోర్ట్స్ కోటాలో వచ్చిన ఉద్యోగం చేసుకుంటున్నాను. కాబట్టి నేను చెప్పేది పైకి వెళ్ళినవాళ్ళ సంగతి కాదు, మధ్యలో ఉండిపోయినవాళ్ళ సంగతి.

ముందు మీ కోచ్ గారి మాట. పద్నాలుగేళ్ళకే డబుల్స్ అన్నారంటే ఆయన మీ వాడిని తక్కువ చేయలేదు, బాగానే గమనిస్తున్నారు. మన దగ్గర మామూలుగా జరిగేది ఏమిటంటే పందొమ్మిది, ఇరవై వచ్చేదాకా సింగిల్స్‌లో నలిగి, ఇంక కాదని తేలాక డబుల్స్‌కి వస్తారు. నేనూ అలా వచ్చినవాడినే, వచ్చాక తెలిసింది ఇది వేరే ఆట అని, అప్పటికి నా చేతికి పట్టిన అలవాట్లన్నీ సింగిల్స్‌వి. ఇండోనేషియా జాతీయ శిబిరంలో డబుల్స్‌కి కోచ్‌లే వేరు, ఆటగాళ్ళే వేరు. అందుకే అక్కడ తరం తర్వాత తరం డబుల్స్ వాళ్ళు పుడుతూనే ఉంటారు.

రెండోది, కాళ్ళు కదలవు కాబట్టి డబుల్స్ అనుకుంటున్నారేమో, అది మాత్రం మనసులోంచి తీసేయండి. సింగిల్స్ కోర్టు వెడల్పు 5.18 మీటర్లు, డబుల్స్‌ది 6.1, అంటే అటు అడుగున్నర, ఇటు అడుగున్నర ఎక్కువ. మనిషి ఇంకొకడు ఉంటాడు నిజమే, కానీ కాక్ తిరిగొచ్చే వేగం చూశారా, ఊపిరి తీసుకునే లోపు నాలుగు దెబ్బలు అయిపోతాయి. మోకాళ్ళు వంచి, నడుము దించి, రాకెట్ ఛాతీ ముందు పెట్టుకుని నిలబడాలి, అలా గంట నిలబడితే తొడలు మండిపోతాయి. డబుల్స్‌లో ఆయాసం తక్కువ కాదండీ, ఆయాసం రకం వేరు.

పాయింటు చాలావరకు మొదటి నాలుగు దెబ్బల్లో తేలిపోతుంది, సర్వీసు, దాన్ని తీసుకోవడం, ఆ తర్వాతి రెండు. సింగిల్స్‌లో సర్వీసంటే ఆట మొదలుపెట్టడం అంతే, డబుల్స్‌లో సర్వీసు కాస్త పైకి లేచిందంటే ఎదుటివాడు నెట్ మీద పడి మీ పార్ట్‌నర్ పొట్టకి కొడతాడు. మా కోచ్ గారు నెట్ పైన జానెడు ఎత్తులో పురికొస కట్టేవారు, నెట్‌కీ పురికొసకీ మధ్యలోంచి కాక్ వెళ్ళాలి, రోజూ రెండొందలు అవ్వందే ఇంటికి పంపేవారు కాదు. పైగా 2018 నుంచి కొట్టేటప్పుడు కాక్ నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలన్న రూలు వచ్చింది, మనిషి ఎంత పొడుగున్నా అదే కొలత. మీ వాడు ఇంకా సాగుతాడు కాబట్టి ఇప్పటినుంచే మోకాలు వంచి సర్వీసు చేయడం నేర్పించమనండి. ఇరవై ఏళ్ళకి నేర్చుకుంటే టెన్షన్‌లో చెయ్యి పాత ఎత్తుకే పోతుంది, నాకు అలాగే పోయేది.

ఇంక అసలు సంగతి, పార్ట్‌నర్. మీరు ఆఖర్న అడిగారు, నేనైతే మొదట అడిగేవాడిని. నా మొదటి పార్ట్‌నర్‌తో నాలుగేళ్ళు ఆడాను, కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాడిని వాడు ఎక్కడ నిలబడ్డాడో. వాడికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది, ఆ సంస్థ టీములో వాళ్ళ మనిషితోనే ఆడాలి, వెళ్ళిపోయాడు. తప్పు వాడిది కాదు, వాళ్ళింట్లో పరిస్థితి నాకు తెలుసు. కానీ ర్యాంకు జంటది, మనిషిది కాదు. విడిపోయిన రోజున ఇద్దరం సున్నా. రెండో అతనితో మళ్ళీ మొదలుపెట్టి రెండేళ్ళకి కాస్త దారిలో పడ్డాం, అతని మోకాలు పోయింది. దెబ్బ తగిలింది అతనికి, ఇంట్లో కూర్చున్నది ఇద్దరం. ఆ ఎనిమిది నెలలు నేను రోజూ స్టేడియానికి వెళ్ళి ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళతో ఆడేవాడిని, అది ఆటా కాదు, ప్రాక్టీసూ కాదు.

అలాగని భయపెట్టడం లేదు. ఇండోనేషియా హెండ్రా సెటియవాన్‌ని చూడండి, మార్కిస్ కిడోతో 2008 ఒలింపిక్ స్వర్ణం, తర్వాత పార్ట్‌నర్ మారి మహమ్మద్ అహ్సాన్‌తో మూడు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు, 2025 జనవరిలో ఆట మానేసేటప్పటికి నలభై ఏళ్ళు. సింగిల్స్‌లో ఆ వయసుకి చాలామంది కోచ్‌లు అయిపోయి ఉంటారు. కొరియా సియో సంగ్ జే అయితే ఒకరితో 2023లో ప్రపంచ ఛాంపియన్ అయి, 2025 మొదట్లో కిమ్ వాన్ హోతో జతకట్టి, ఏడు నెలలు తిరక్కుండా ప్రపంచ నంబర్ వన్. అందరికీ అలా కుదరదు, కానీ పార్ట్‌నర్ మారితే బతుకు అయిపోయినట్టు కాదని చెప్పడానికి రాశాను.

షటిల్ పిచ్చి, రాజమండ్రి:

"ఒక్కడేగా" అన్న మీ ఆవిడ గారి మాటకి నేను జవాబు చెప్తాను, ఈ విషయంలో నాకు కాస్త పిచ్చి, ఎక్కువ రాస్తే క్షమించాలి.

ఒక్కడు కాదండీ. గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప 2011లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చారు. మనవాళ్ళకి అప్పుడు డబుల్స్ అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలీదు. డబుల్స్‌ని ఎవరూ పట్టించుకోవడం లేదని జ్వాల నోరు విప్పి అడిగినప్పుడల్లా గొడవ మనిషి అన్నారు, ఆమె అడిగినదాంట్లో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సుమీత్ రెడ్డి సింగిల్స్ ఆడేవాడు, వెన్నెముక ఇబ్బంది వల్ల డబుల్స్‌కి వచ్చి మను అత్రితో కలిసి 2016 రియో ఒలింపిక్స్ ఆడాడు, 2025లో ఆట మానేసి కోచింగ్‌లోకి వెళ్ళాడు. ఆయన భార్య సిక్కి రెడ్డి కూడా డబుల్సే. గాయత్రి గోపీచంద్, కేరళ అమ్మాయి ట్రీసా జాలీ 2022 ఆల్ ఇంగ్లండ్‌లో రిజర్వు జాబితా నుంచి లోపలికొచ్చి సెమీస్ ఆడారు, మరుసటి ఏడూ సెమీస్. సాక్షాత్తూ గోపీచంద్ గారి అమ్మాయే డబుల్స్ ఆడుతుంటే మీకు అనుమానం ఎందుకు?

ఇప్పుడు సాత్విక్. నాన్న కాశీ విశ్వనాథ్ గారు పీఈటీ మాస్టారు, ఇంట్లోనే ఆట ఉంది. 2014లో హైదరాబాద్ గోపీచంద్ అకాడమీకి వెళ్ళాడు, అప్పుడు వయసు మీ వాడంతే. 2016లో మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతన్నీ ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టినీ కలిపాడు. ఇద్దరూ పొడుగు, ఇద్దరూ వెనకనుంచి బాదేవాళ్ళే, మామూలుగా ఒకడు వెనక బాదితే ఒకడు నెట్ దగ్గర కాయాలి కదా, ఇదేం జంట అని వాళ్ళకే అనుమానం. కానీ కిమ్ హెర్ వినలేదు. చిరాగ్ నెట్ దగ్గరి ఆట నేర్చుకున్నాడు. అప్పట్లో వాళ్ళు గెలిచినవి మారిషస్, వియత్నాం లాంటి చిన్న టోర్నీలు, పేపర్లో రెండు లైన్లు కూడా వచ్చేవి కాదు.

2018 కామన్వెల్త్‌లో రజతం. 2019 మొదట్లో సాత్విక్‌కి భుజం దెబ్బ, నెలల తరబడి ఆట లేదు, తిరిగొచ్చి ఆగస్టులో థాయ్‌లాండ్ ఓపెన్ గెలిచారు, చైనా ప్రపంచ ఛాంపియన్లని ఫైనల్లో ఓడించి. టోక్యో ఒలింపిక్స్ అయితే తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. గ్రూపులో మూడింట రెండు గెలిచారు, గెలిచిన వాటిలో ఒకటి తైవాన్ జంట మీద, అయినా గేముల తేడా లెక్కలో బయటికొచ్చేశారు. ఆ తైవాన్ జంటే చివరికి స్వర్ణం పట్టుకెళ్ళింది.

2022లో థామస్ కప్ (మగవాళ్ళ టీముల ప్రపంచ పోటీ) ఫైనల్, ఇండోనేషియా మీద. మొదటి గేమ్ పోయింది, రెండో గేమ్‌లో మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21, మూడోది 21-19. నేను ఆ రోజు టీవీ ముందు నిలబడే చూశాను, కూర్చుంటే ఓడిపోతారని. ఆ ఏడే కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్, ఇండోనేషియా ఓపెన్, కొరియా ఓపెన్, హాంగ్జౌ ఆసియా క్రీడల స్వర్ణం, ఆ అక్టోబరులో ప్రపంచ నంబర్ వన్. గంటకి 565 కిలోమీటర్ల స్మాష్ గిన్నిస్ రికార్డు కూడా ఆ ఏడాదిదే, అది మ్యాచ్‌లో కొట్టింది కాదు, జపాన్‌లో రాకెట్ల ఫ్యాక్టరీ జిమ్‌లో కొలిచింది. మన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఫైనల్లో కొట్టినట్టు తిప్పారు.

ఆ తర్వాత పారిస్ ఒలింపిక్స్. క్వార్టర్స్‌లో మలేసియా ఆరన్ చియా, సో వూయి యిక్ మీద మొదటి గేమ్ 21-13 గెలిచి 14-21, 16-21 ఓడారు. తర్వాత గాయాలు, 2025 ఫిబ్రవరిలో ఖేల్‌రత్న అందుకోవాల్సిన సమయానికి సాత్విక్ నాన్నగారు పోయారు, ర్యాంకు ఇరవై కిందికి పడింది. అదే ఆగస్టులో మళ్ళీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం, క్వార్టర్స్‌లో అదే మలేసియా జంటని ఓడించి. ఇన్నేళ్ళలో కోచ్‌లు మారారు, కిమ్ హెర్ వెళ్ళాడు, ఫ్లాండీ లింపెలె వచ్చాడు, డెన్మార్క్ మథియాస్ బో వచ్చాడు, పారిస్ తర్వాత ఆయనా వెళ్ళాడు, మళ్ళీ కిమ్ హెర్ వచ్చాడు. పార్ట్‌నర్ మాత్రం మారలేదు. సాత్విక్ కొన్నాళ్ళు అశ్వినితో మిక్స్‌డ్ డబుల్స్ కూడా ఆడాడు, తర్వాత అది వదిలేసుకుని దీనిమీదే నిలబడ్డాడు.

ఊరికే ఒకరు:

చదువు మాత్రం మానిపించకండి. అంతే.

మియాపూర్ అమ్మ:

అన్నయ్య గారూ, మా పాప అండర్-17 డబుల్స్ ఆడుతోంది కాబట్టి రాస్తున్నాను. పైన రాజమండ్రి తమ్ముడు సాత్విక్ గురించి రాసింది చదువుతుంటే బాగుంది, కానీ ఆ లెక్కతో ఇంటి బడ్జెట్ వేయకండి.

డబ్బుల సంగతి చెప్తాను. సూపర్ 300 స్థాయి టోర్నీ (అంతర్జాతీయ టోర్నీల్లో కింది మెట్లలో ఒకటి), మొత్తం బహుమతి 2,40,000 డాలర్లు అనుకోండి. సింగిల్స్ గెలిస్తే 18,000 డాలర్లు. డబుల్స్ గెలిస్తే 18,960, కానీ అది జంటకి. మనిషికి 9,480. క్వార్టర్స్‌లో ఓడితే జంటకి 1,740, మనిషికి 870, అందులో పన్ను. మొదటి రౌండులో ఓడితే సున్నా, విమానం టికెట్టూ హోటలూ మన జేబులోంచే. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పతకం తెస్తే దేశమంతా పొగుడుతుంది గానీ అందులో బహుమతి డబ్బే లేదు. ఒలింపిక్ పతకం ఆశ ఉన్నవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన టాప్స్ పథకంలోకి వస్తే ప్రభుత్వం ఖర్చు చూసుకుంటుంది, అక్కడిదాకా చేరడానికి పట్టే నాలుగైదేళ్ళే ఇంటివాళ్ళ నడుం విరిచేది. మేము నెల జీతంలో సగం దీనికే పెడుతున్నాం, స్థలం ఒకటి అమ్మాం కూడా, ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ నా పేరు తెలీదు కాబట్టి చెప్తున్నాను.

అయితే ఉద్యోగం వైపు చూస్తే డబుల్స్ మరీ నష్టం కాదు. రైల్వేలు, ఆయిల్ కంపెనీలు, ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి చోట్ల టీము కట్టాలంటే డబుల్స్ వాళ్ళు కావాలి. నేషనల్స్ పతకం ఉంటే సింగిల్స్‌దా డబుల్స్‌దా అని తేడా చూడరని మా పాప సీనియర్లు చెప్తారు. కోచ్‌గా కూడా డబుల్స్ తెలిసినవాళ్ళు తక్కువ, గిరాకీ ఉంది.

ఇంకొక్కటి, ఎవరూ చెప్పనిది. డబుల్స్‌లో రెండు కుటుంబాలు కలిసి ఖర్చు పెట్టాలి. మా పాప మొదటి పార్ట్‌నర్ వాళ్ళ నాన్న ఓడినప్పుడల్లా స్టాండ్స్‌లోంచి మా పాపనే అనేవారు, "నీ వల్లే" అని కాదు, చూపుతోనే. ఒక టోర్నీకి వాళ్ళు రాలేమన్నారు డబ్బు లేక, మేము పెడతామంటే వాళ్ళకి అభిమానం అడ్డొచ్చింది. పిల్లలిద్దరూ ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటారు, మేము పెద్దవాళ్ళమే చెడగొట్టాం. పార్ట్‌నర్‌ని వెతికేటప్పుడు ఆ పిల్లాడి ఆట ఎంత చూస్తారో, వాళ్ళ అమ్మానాన్నలతో అంత కూర్చుని మాట్లాడండి.

వెనక కోర్టు, బెజవాడ:

మియాపూర్ అక్కయ్య గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు. నా మొదటి పార్ట్‌నర్ వెళ్ళిపోవడం వెనక కూడా ఇంటి లెక్కలే.

నాన్న గారూ, సింగిల్స్ వెంటనే ఆపించకండి. పదహారు దాకా రెండూ ఆడనివ్వండి, సింగిల్స్ వల్ల కాళ్ళూ ఓపికా వస్తాయి, మీ వాడికి కావాల్సిందే అది. మా నాన్న బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు, కోర్టులో ఐదుగురు, ఆయన అనేవారు, "నీ చోటు నీకు తెలియడం కాదురా, పక్కవాడి చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియాలి" అని. అది పద్నాలుగేళ్ళకి పట్టుబడితే వేరు, ఇరవైకి వేరు. ఒక పార్ట్‌నర్‌తో కనీసం రెండేళ్ళు కదపకండి. ఒక టోర్నీ పోగానే మార్చే తల్లిదండ్రుల్ని చాలామందిని చూశాను.

కాకినాడ నాన్న:

అందరికీ దండాలు. మియాపూర్ చెల్లెమ్మ రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను, స్థలం మాట దగ్గర ఇద్దరం ఆగిపోయాం. అమ్మడానికి మాకు స్థలం లేదు కాబట్టి ఆ ఇబ్బంది లేదనుకోండి.

నిన్న సాయంత్రం స్టేడియానికి వెళ్ళాను. పెద్దాపురం నుంచి బస్సులో వచ్చే కుర్రాడు ఒకడున్నాడు, ఎడమచేతి వాటం, మా వాడికంటే బెత్తెడు పొట్టి, నెట్ దగ్గర పిల్లిలా ఉంటాడు. కోచ్ గారు ఇద్దర్నీ కలిపి ఆడించారు. మొదటి పది నిమిషాలు చూస్తే నవ్వొచ్చింది, కాక్ ఇద్దరి మధ్యలోకి వస్తే వాడు వీడినీ వీడు వాడినీ చూసుకుని కింద పడేశారు, ఒకసారి రెండు రాకెట్లూ కొట్టుకుని మా వాడి రాకెట్ ఫ్రేమ్ బీటలిచ్చింది (మూడు వేల ఎనిమిది వందలు, మా ఆవిడకి ఇంకా చెప్పలేదు). తర్వాత "నాది", "నీది" అని అరుచుకోవడం మొదలుపెట్టారు. ఆఖర్లో సీనియర్ల మీద పదకొండు పాయింట్లు తెచ్చుకున్నారు. మా వాడు ఇంటికొచ్చేదాకా బండి వెనక కూర్చుని ఆ కుర్రాడి గురించే మాట్లాడాడు, ఓడిన రోజు వాడు నోరు విప్పడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ కుర్రాడి నాన్న ఆటో నడుపుతారట. ఆదివారం వస్తారని కోచ్ గారు చెప్పారు. షటిల్స్ ఖర్చు చెరి సగం అనాలా, లేక మొదటి ఏడాది నేనే పెట్టుకుంటానంటే ఆయన ఏమైనా అనుకుంటారా? చెల్లెమ్మా, ఇది నువ్వే చెప్పాలి.

మియాపూర్ అమ్మ:

సగం అనండి అన్నయ్యా. మీరే మొత్తం పెడితే రేపు ఓడిన రోజు ఆయన మీ మొహం చూడలేరు. రానుపోను బండి మీద మీరు దింపుతానంటే మాత్రం ఎవరూ కాదనరు.